భాగ్యనగరమున పోటీల రంగములు

తీర్థములను గూర్చియు, జలపాతములను గూర్చియు మీరు పెక్కు యాత్రావ్యాసములు చదివియుందురు. మే మీమాఱు వ్రాయబూనినది, ప్రతిరాత్రియు తమంతట తామే మన యిండ్లలోనికి వచ్చెడి స్థలములను గూర్చి. పాటలపోటీలు, నృత్యపుపోటీలు, వంటలపోటీలు, ప్రశ్నలకు జవాబు చెప్పి ధనము గెలుచుకొను పోటీలు, పలువురిని ఒక యింట నుంచి వారి నడవడిని లోకమునకు చూపెడి పోటీలు - వీని నన్నిటిని టీవీలో మనము భోజనములవేళ చూచుచున్నాము. ఇవి పుట్టుచోటు లెట్టివో కన్నులార చూడవలెనని మాకు చిరకాలముగా కోరిక. మా చెల్లెలి కొమార్తె, పండ్రెండేండ్ల పిల్ల, ఒక పాటలపోటీకై జరిగెడి తొలిపరీక్షకు హైదరాబాదు పోవలసివచ్చుటచే, గడచిన వేసవిలో ఆ కోరిక కొంత తీరినది.

తెనాలినుండి బెజవాడమీదుగా పోవు మార్గమున, నగరము చేరకమునుపే రామోజీ ఫిల్ము సిటీ తగులును. 1996లో వెలసిన యీ చిత్రనగరి 1,666 యెకరముల విస్తీర్ణము గలది; ప్రపంచములోని చలనచిత్ర నిర్మాణస్థలములలో నెల్ల పెద్దదని గిన్నిసు గ్రంథమున కెక్కినది. టిక్కెట్టు కొన్నవారిని బస్సులలో త్రిప్పి చూపుదురు. రైలు రాని రైలుస్టేషను, విమాన మెగురని విమానాశ్రయము, రోగులు లేని ఆసుపత్రి, ముందు రాజసౌధమై వెనుక వట్టి చట్రమైన గోడలు! మయసభలో దుర్యోధనుడు తెలియక మోసపోయెను. ఇచ్చట మాయ యని తెలిసియే జనులు రూకలిచ్చి చూచి సంతసించుచున్నారు.

ఈ నగరిని నిర్మించిన రామోజీరావుగారి ఈటీవీలోనే 1996లో 'పాడుతా తీయగా' మొదలైనది. 2020లో కీర్తిశేషులైన బాలసుబ్రహ్మణ్యముగారు దానికి ప్రాణమైయుండిరి. పిల్ల పాట ముగించినంతనే ఆ పాటను వ్రాసినకవి యెవరో, వరుస కట్టినవా రెవరో చెప్పి, తప్పిన చోటును తాము పాడి చూపెడివారు. గెలిచినవారికి బహుమానము దక్కెను; ఓడినవారికి పాఠము దక్కెను. చూచుచున్న మనకును ఆ పాఠమే దక్కెను.

మా పిల్ల పరీక్ష నగరములో వేఱొకచోట, ఒక కల్యాణమండపమున జరిగినది. మేము తెల్లవాఱకమునుపే పోయితిమి. అప్పటికే వరుస వీథిమలుపు దాటియుండెను. తల్లులు ఫ్లాస్కులలో వేడినీళ్లు, డబ్బాలలో పులిహోర తెచ్చుకొనిరి. పిల్లల యెదలమీద అంకెలు వ్రాసిన కాగితము లంటించిరి. మేము వేచియుండగా కెమెరా పట్టిన యువకు డొకడు వచ్చి, మా చెల్లెలితో, "అమ్మా, మీ యింటి కష్టము లేవైన నున్న చెప్పుడు. ఏడుపు వచ్చినను ఫరవాలేదు" అనెను. అది "మాకు కష్టము లేవియు లేవు నాయనా, పిల్లకు మాత్ర మాకలి వేయుచున్నది" అని బదులు చెప్పెను. ఆతడు మఱి నిలువక ప్రక్క తల్లికడకు బోయెను.

భారతమున కుమారుల యస్త్రవిద్యాప్రదర్శనమునాడు, అర్జునునితో సరితూగ వచ్చిన కర్ణుని, విల్లు చూడక కుల మడిగిరి. నాడు కుల మడిగిరి. నేడు కష్ట మడుగుచున్నారు. రెంటను విద్య వెనుకబడినదే.

అయినను లోపలనున్న వృద్ధవిద్వాంసు డొకరు మా పిల్లను చరణమున ఆపి, "మాట నడుమ ఊపిరి తీయకమ్మా, పదము విఱుగును" అని చెప్పి, రెండుమార్లు పాడించిరి. పిల్ల ఎన్నిక కాలేదు. కాని యా మాట దానికి జీవితాంతము మిగులును.

మఱునాడు అన్నపూర్ణా స్టూడియో చూడ బోయితిమి. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో నెలకొల్పి, తమ యిల్లాలి పేరు పెట్టిన స్థల మది. లోనికి పోవ ననుమతి లేనందున ద్వారముకడనే నిలిచితిమి. తెలుగు 'బిగ్ బాస్' 2017లో పూనాప్రాంతపు లోణావలాలో మొదలై, 2018లో రెండవవిడతనుండి యిచ్చటికి వచ్చినది. దీని మూలము 1999లో హాలెండులో పుట్టినది. పేరు 1949లో అచ్చయిన జార్జి ఆర్వెలు నవలనుండి తీసికొన్నది. అందు జనులపై నిరంతరము కన్నువేసియుండు ప్రభువు పే రది. లోపల నుండువారికి ఫోను లేదు, వార్త లేదు, బయటివారితో మాట లేదు. కెమెరాలు మాత్రము కంటికి రెప్పవేయవు.

2023 డిసెంబరులో ఏడవవిడత ముగిసిన రాత్రి యీ పరిసరములనే గుంపులు చెలరేగి, ఆర్టీసీ బస్సుల యద్దములు పగులగొట్టినవి. ఇంట కూర్చుండి చూచెడి వినోదము బయట రాళ్లు రువ్వించుట యెట్లని మేము చాలసేపు తలపోసితిమి.

రేవంతు అను తెలుగు గాయకుడు 2017లో హిందీ 'ఇండియన్ ఐడల్' గెలిచి, 2022లో ఈ యింటి యాఱవవిడతయు గెలిచెను. రెంటను తుదితీర్పు జనుల వోట్లదే. కాని మొదటిదానికి శ్రుతిలయ లను కొలబద్ద కలదు. రెండవదానికి మన యిష్టానిష్టములే కొలబద్ద. ఆ కొలబద్ద యెట్లున్నదో చూడుడు: 2017 మొదలు 2024 వఱకు టీవీలో వచ్చిన యెనిమిది విడతలలోను విజేతలు పురుషులే. 2022లో అంతర్జాలమున మాత్రమే వచ్చిన విడతలో బిందుమాధవి గెలిచెను. మనము వోటు వేయుదుముగదా, మఱి యిట్లేల యైనది? మా వీథి యరుగులమీద వినబడు మాటలే దీనికి జవాబు కావచ్చును. పురుషుడు కోపించిన పౌరుష మందురు. ఆడుది కోపించిన గయ్యాళి యందురు. అనువారిలో నాడువారే హెచ్చు. ఇరువదినాలుగు గంటలలో మనకు చూపునది సుమా రొక గంట. తక్కినవేళ ఆ యమ్మాయి యెవరి కన్నము వడ్డించెనో, ఎవరి కన్నీరు తుడిచెనో మన మెఱుగము. ఎఱుగకయే తీర్పు చెప్పుచున్నాము.

ఈ కార్యక్రమములను చూడవలదని మేము చెప్పము, మేమును చూతుము. ఒక్క ప్రశ్న మాత్రము దగ్గఱ నుంచుకొన వలయును: ఓడినవారి కిందేమి మిగిలెను? విద్య యేమైన మిగిలినచో అది మంచిపోటీ; పిల్లలను ప్రక్క గూర్చుండబెట్టుకొని చూడవచ్చును. నిందయు నవ్వులపాటును మాత్రమే మిగిలినచో, ఆ నింద చేసినవారిలో మన మున్నామో లేమో విచారించుకొన వలయును. హైదరాబాదు పోవు సోదరీమణులు చిత్రనగరికి ఒక పూర్తిదినము కేటాయింపుడు. గోడలను ముందువైపుననేకాక వెనుకవైపునను చూచి రండు. ఇంటికి వచ్చి టీవీ పెట్టినపు డా చూపు మీకు మిక్కిలి యుపకరించును.