ఆది రవిక

మనలో రవికలు ఇంటనే కుట్టుకొనువారు పెక్కుమంది కలరు. పెట్టెలోని పాత రవిక నొకదానిని ఆదిగా పఱచి, దాని వెంబడి సుద్దగీత గీచి కత్తెర వేయుట మన యలవాటు. మేము అక్కచెల్లెండ్ర మిరువురమును అట్లే చేయుచుంటిమి. దానివలన మాకు గలిగిన యనుభవమును ఇచ్చట మనవి చేయుచున్నాము.

రెండేండ్ల క్రిందట మా తమ్ముని వివాహమునకు అమ్మకు పట్టురవిక కుట్టదలచి, ఆఱేండ్లనాటి ఆది ముందుంచుకొని కత్తిరించితిమి. అమ్మ తొడుగుకొనగా భుజములు జాఱినవి. మెడవెనుక గుడ్డ లేచి నిలిచినది. చంకల క్రింద ముడుతలు పడినవి. తప్పు కత్తెరదని యొకరము, కుట్టుదని యొకరము వాదులాడుకొంటిమి. అమ్మ నవ్వి, "వదులుగా నున్న నేమమ్మా, గాలి యాడును" అనెను.

అప్పుడు టేపు తెచ్చి అమ్మను నిలువబెట్టితిమి. ఆదిలో ఎదచుట్టు 38 అంగుళములు, ఒంటిమీద 34. నమ్మజాలక మరల తీసితిమి. 34 అంగుళములే. నిండుగా పయ్యెద కప్పుకొనునది గావున, ఆమె చిక్కిపోవుట నిత్యము చూచుచున్న మా కంటబడలేదు. పాత రవికలకు ప్రక్కలను తానే లోకుట్టు వేసికొనుచున్నదట! దాహ మధికముగా నున్నదనియు, రాత్రులు పలుమాఱులు లేవవలసి వచ్చుచున్నదనియు నాడే చెప్పినది. "పెండ్లిపనులలో మీకు దిగులేల యని యూరకుంటిని" అనెను. మఱునాడు వైద్యునికి చూపగా, రక్తపరీక్షలో మధుమేహమని తేలినది.

నాటినుండి మేము ఆదిని నమ్ముట మానితిమి. కొలత ఒంటిమీదనే తీయవలెను. ఎవరిది వారు తీసికొనరాదు; చేయి యెత్తినచో కొలత మాఱును. చేతులు క్రిందికి విడిచి, ఊపిరి బిగబట్టక నిలువవలెను. ఎదచుట్టు తీయునపుడు టేపు వీపుమీద జాఱక నేలకు సమముగా నుండవలెను; లోపల రెండువ్రేళ్లు దూఱవలెను. భుజమును ఎముక కొననుండి ఎముక కొనకును, పొడుగును భుజము పైనుండి ఎదమీదుగాను కొలువవలెను. మోచేతివఱకు వచ్చు చేతులకు మోచేయి వంచి చుట్టుకొలత తీయవలెను. పాతటేపు సాగియుండును గాన బద్దతో సరిచూచుకొనుట మంచిది. నూలుగుడ్డను ముందుగా తడిపి ఆఱవేసి పిదప కత్తిరింపవలెను. కొలతలను తేదీతో పుస్తకమున వ్రాసి, యేటేట మరల తీయవలెను.

ఆ పట్టురవికను విప్పి కొత్తకొలతకు కుట్టితిమి. అమ్మ తేరుకొన్నపుడు పనికివచ్చునని ప్రక్కలను అంగుళము చొప్పున లోమడత విడిచితిమి. మందులును పథ్యమును తప్పక సాగుచున్నవి. మొన్నటి ఉగాదికి టేపు 35 అంగుళములు చూపినది. ఆనాడు ప్రక్కకుట్టు నొకవరుస విప్పితిమి.

సోదరీమణులారా! మీ యింటి పెద్దల కొలత తీసి యెన్నాళ్లయినది?