ఎడమ భుజం

మాది రేపల్లె. తాతయ్యకి తెనాలిలో టైలర్ షాపు. నేను పుట్టుకతో ఎడమచేతి వాటం. పలక పట్టిన రోజే ఇంట్లోవాళ్లు కుడిచేతికి మార్పించారు.

బాపట్లలో ఎన్‌సీసీ క్యాంపులో ఫైరింగ్ పెట్టారు. పాయింట్ 22 రైఫిల్, 25 మీటర్ల దూరం, 5 రౌండ్లు. అందరిలాగే కుడి భుజానికి ఆనించి కాల్చాను. ఐదు చిల్లులు ఐదు దిక్కుల్లో! "గ్రూపింగ్ లేదు" అన్నారు ఉస్తాద్. బుల్లెట్లన్నీ ఒకచోట పడితే, అది సెంటర్‌కి దూరమైనా సైట్ జరిపి సరిచెయ్యొచ్చట. చెదిరిపోతే ఏ సైటూ కాపాడలేదు.

రాత్రి తాతయ్యకి ఫోన్ చేశా. "కొలత తియ్యకుండా కుట్టిన చొక్కా పట్టకపోతే ఒంటిని తిడతామా?" అన్నాడు.

తర్వాత పోటీ రైఫిళ్ల గురించి చదివాను. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో, పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. అందుకే చెంప, భుజం ఆనేచోట్లు మనిషి కొలతకి సర్దుకుంటారు. ఎడమచేతి వాళ్లకి వేరే రైఫిళ్లే ఉన్నాయి!

మళ్ళీ ఛాన్స్ వచ్చినప్పుడు ధైర్యం చేసి ఎడమ భుజం అడిగాను. ఉస్తాద్ సరేనన్నారు. మా రైఫిల్ బోల్టు కుడివైపే కాబట్టి, ప్రతి రౌండుకీ కుడిచెయ్యి తీసి లాగి, పొజిషన్ మళ్ళీ సర్దుకోవాలి. అయినా ఐదు చిల్లులూ ఒక్కచోటే, సెంటర్‌కి పక్కగా.

తిరిగొస్తూ తెనాలిలో దిగి, రేపల్లె రైలుకి ముందు తాతయ్యకి ఆ పేపర్ చూపించా. టేపు పెట్టి కొలిచాడు. "రెండంగుళాలు" అన్నాడు.

ఇంట్లో అమ్మ, "మధ్యలో ఒక్కటీ లేదేంట్రా?" అంది.

"అది సరిచెయ్యొచ్చమ్మా" అన్నా.

అన్నం మాత్రం కుడిచేత్తోనే తిన్నా.