అర లీటరు నూనె

విశాఖపట్నం నుంచి మద్రాసు దాకా 800 కిలోమీటర్లు నడిచినా ఒక్క చుక్క నూనె కార్చని కారు, శ్రీపెరుంబుదూరు దగ్గరి రేసు ట్రాక్ మీద 20 నిమిషాలు తిరిగేసరికి అర లీటరు గేర్ ఆయిల్ పారబోసుకుంది. ఆ నూనె ఎలా పోయిందో తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. తెలిసిన తర్వాత కలిగిన సంతోషం కంటే సిగ్గే ఎక్కువ. ఆ సిగ్గు గురించే ఈ నాలుగు మాటలూ.

ముందుగా, ట్రాక్ డే అంటే ఏమిటో తెలియని మిత్రుల కోసం. అది పందెం కాదు. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, రుసుము కట్టి, హెల్మెట్ పెట్టుకుని, విడతకు ఇరవై నిమిషాల చొప్పున ట్రాక్ మీద తిరగడం. గెలిచేవారూ ఓడేవారూ ఉండరు. మన విశాఖలో అందుకు తగిన చోటు లేదు. హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో ఫార్ములా-ఈ పోటీ జరిగిన మాట నిజమే కానీ, అది హుసేన్‌సాగర్ ఒడ్డున నగర వీధుల్లోనే తాత్కాలికంగా ఏర్పరచిన దారి. రాత్రివేళ భీమిలి రోడ్డు మీద వేగం చూపించుకునే కుర్రాళ్ళున్నారు గానీ, ఆ దారిన చేపలమ్ముకుని ఇంటికి పోయేవాళ్ళు కూడా ఉంటారు. అందుకే నేను అంత దూరం పోయి ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్‌ను ఆశ్రయించాను. చుట్టు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు.

నాది రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. 2018 ఆగస్టులో మొదటిసారి వెళ్ళి వచ్చాక కింద దూరి చూస్తే గేర్‌బాక్సు పొట్టంతా పలచగా నూనె తడి. ఆక్సిల్ దగ్గరి ఆయిల్ సీల్ పోయిందనుకుని మార్పించాను. అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథ ఇంకొంచెం మర్యాదగా ఉండేది. 'కాస్త ఎక్కువ పోస్తే పోయేదేముంది, కారినా ఇంకా మిగులుతుంది కదా' అన్న ఆలోచన వచ్చింది. గేర్‌బాక్సులో నూనె పోసే రంధ్రం పక్కగోడకు ఉంటుంది. ఆ రంధ్రం అంచు దాకా వస్తే మట్టం సరిపోయినట్టే, మించితే బయటికి వచ్చేస్తుంది. నేను ఆ పక్కన జాకీ పెట్టి కారును వంచి, పుస్తకంలో చెప్పిన 2 లీటర్లకు మరో 200 మిల్లీలీటర్లు కలిపి పోసి బిరడా బిగించాను. ఆ రాత్రి చాలా ముందుచూపు గలవాడిననిపించి హాయిగా నిద్రపోయాను.

2019 జనవరిలో రెండోసారి వెళ్ళాను. రెండో విడతలో అయిదారు చుట్లు అయి ఉంటాయి. కాలిన నూనె వాసన వచ్చింది. ముందు వెళ్ళే కారుదేమో అనుకున్నాను. తర్వాతి మలుపులో అద్దంలో చూస్తే నా వెనక వస్తున్న చిన్న కారు అడ్డంగా తిరిగిపోతోంది. రెండు చుట్లు బొంగరంలా తిరిగి, గడ్డిలోంచి దూసుకెళ్ళి, టైర్లు పేర్చిన గోడకు రెండు మూరల ఇవతల ఆగింది. పసుపు మీద ఎర్రచారల జెండా లేచింది. దారి మీద జారుడు ఉందని దానికర్థం. కాసేపటికి ఎర్రజెండా వేసి అందరినీ ఆపేశారు.

నూనె ఎవరిదని వెతకనక్కరలేకపోయింది. మలుపు మలుపుకీ పడిన సన్నటి నల్ల గీత నేరుగా నా కారు కిందికే దారి చూపించింది. ట్రాక్ సిబ్బంది ఎండలో సిమెంటు పొడి చల్లి, చీపుళ్ళతో ఊడ్చారు. అందరి విడతా నా మూలంగా పోయింది. ఆ చిన్న కారు నడిపిన కుర్రవాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. నేను వెళ్ళి క్షమించమని అడిగితే "పరవాయిల్లై సార్" అన్నాడు. అంటూనే నీళ్ళ సీసా ఎత్తాడు. అది అతని చేతిలో వణుకుతోంది. సగం నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. అతను నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

అక్కడే నూనె దించి కొలిచాను. పోసింది 2.2 లీటర్లు, వచ్చింది 1.7. కొత్త నూనె పోసుకుని నెమ్మదిగా ఇంటిముఖం పట్టాను. మళ్ళీ 800 కిలోమీటర్లు. మళ్ళీ ఒక్క చుక్క కారలేదు. నా బుర్రకు అంతుపట్టనిది అదే.

గాజువాక ఆటోనగర్‌లో నాకు తెలిసిన పెద్ద మేస్త్రి ఒకాయన ఉన్నారు. మూడు నెలలు అక్కడా ఇక్కడా తిప్పి విసిగిపోయి చివరికి ఆయన దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన కారు కిందికి దూరి, వేలితో అక్కడక్కడ తడిమి బయటికి వచ్చారు.

"సీలు బాగానే ఉన్నాది బాబూ."

"మరి నూనె ఎటు పోయింది మేస్త్రి గారూ?"

"ఊపిరొదిలే దారంట పోనాది. ఎంత పోసారేటి?"

చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఒక ఖాళీ సీసాలో సగం దాకా పాత నూనె పోసి, మూతకు మేకుతో కంత పెట్టి, సీసాను నిలబెట్టి చూపించారు. ఏమీ కారలేదు. పక్కకు బాగా వంచారు. మూత కంతలోంచి నూనె సన్నని దారంలా కారింది. ఇంకాస్త నూనె పోసి మళ్ళీ వంచారు. ఈసారి కొంచెం వంచగానే కారింది. అంతే ఆయన పాఠం.

మిగతా లెక్క నేను ఇంటికి వచ్చి వేసుకున్నాను. గేర్‌బాక్సు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల నుంచి 110 డిగ్రీలకు వెళితే, గాలి బయటికి పోయే దారి లేనిపక్షంలో లోపలి పీడనం దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. 2 లీటర్ల నూనె కూడా ఒక 100 మిల్లీలీటర్ల మేర ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి సీళ్ళ పెదవులు విచ్చుకోకుండా ఉండాలనే పైన బ్రీదర్ అనే చిన్న గొట్టం పెడతారు. అది మట్టితోనో తుప్పుతోనో మూసుకుపోతే నూనె సీళ్ళలోంచి వస్తుంది. అది తెరిచే ఉన్నా ఇంకో గండం ఉంది. మంచి టైర్లున్న స్పోర్ట్స్ కారు ట్రాక్ మలుపులో భూమ్యాకర్షణకు ఇంచుమించు సమానమైన పక్కతోపుకు లోనవుతుంది. అప్పుడు పెట్టెలోని నూనె మట్టం 45 డిగ్రీలు వంగి ఒక గోడ మీదికి ఎక్కుతుంది. రహదారి మీద మనం మామూలుగా తిరిగే మలుపుల్లో అది అంతగా వంగదు. మద్రాసు దారిలో ఒక్క చుక్కా ఎందుకు కారలేదో అప్పుడు బోధపడింది.

నా కారు బ్రీదర్ గేర్‌బాక్సు పైభాగాన ఎడమ మూలన ఉంది. కుడి మలుపు తిరిగిన ప్రతిసారీ నూనె ఎడమకు ఎక్కి దాని మూతి మూసేది. వెనకనుంచి వేడిగాలి తోసేది. దానికి తోడు మట్టం మించడంతో గేర్లు నూనెను చిలికి నురగ చేశాయి. పాలు పొంగినట్టు పొంగి, నురగ గొట్టంలోంచి బయటపడింది. మొదటిసారి చూసిన తడి కూడా సీలుది కాదు, దీనిదే. నేను రోగం కాని చోట మందు వేసి, రోగానికి మేత పెట్టాను.

సిగ్గు ఎందుకంటే, నా ఉద్యోగమే గేర్‌బాక్సులతో. ఇరవై ఏళ్ళుగా కన్వేయర్లను తిప్పే గేర్‌బాక్సుల బాగోగులు చూస్తున్నాను. ఈ ఊరి సముద్రపు ఉప్పుగాలీ, ఖనిజాల ధూళీ బ్రీదర్లను ఎలా పూడుస్తాయో నాకు తెలుసు. వారానికొకసారి వాటిని విప్పి కడిగించడం నా పనిలో భాగం. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు 'గీత దాటి నూనె పోస్తే మేలు కాదు, వేడి పెరుగుతుంది' అని ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్క లేదు. జీతమిచ్చేవాడి యంత్రం దగ్గర గుర్తున్న జ్ఞానం, ముద్దు చేసుకునే సొంత కారు దగ్గర గుర్తుకు రాలేదు.

మేస్త్రి గారూ నేనూ కలిసి చేసిన మరమ్మతు పెద్దదేమీ కాదు. బ్రీదర్ మూత తీసేసి, నూనెకు చెడని రబ్బరు గొట్టం తగిలించి, సైలెన్సరు గొట్టాలకు దూరంగా, ఇంజను వెనక గోడమీద అందినంత ఎత్తుకు తీసుకువెళ్ళాం. మధ్యలో ఎక్కడా వేలాడకుండా, ఆసాంతం ఎగువకే పోయేలా కట్టాం. గొట్టం కిందికి వాలిన చోట నూనె నిలిచి మళ్ళీ ఊపిరి ఆపుతుంది. ఎగువకే ఉంటే ఎక్కిన నూనె తనంతట తానే వెనక్కి జారుతుంది. చివర ఒక లీటరు సీసా, దాని మూతకు చిన్న ఫిల్టరు. ఇంత చేసినా దాటి వచ్చే నూనె దారి మీద కాకుండా సీసాలో పడుతుంది. నూనె రంధ్రం అంచు వరకే పోశాం. పుస్తకంలో చెప్పినట్టు 75డబ్ల్యూ-90, జీఎల్-4 రకం. 'జీఎల్-5 ఇంకా గట్టిది' అని ఎవరో చెప్పారు గానీ, అందులోని గంధకపు రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను తినేసే ప్రమాదం ఉంది. డ్రెయిన్ ప్లగ్గుకు కొత్త వాషర్ వేశాం. నలిగిన వాషర్‌ను మళ్ళీ వాడి రూపాయలు మిగుల్చుకోవడం నా పాత అలవాటు. ప్లగ్గు అయస్కాంతానికి అంటిన బూడిదలాంటి మెత్తటి ముద్దను తుడిచాం. అది మామూలే, ముక్కలు కనిపిస్తేనే భయపడాలి.

తర్వాత శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కాను. వేగం కోసం కాదు, వేడి కోసం. పైన ఆపి, కింద పాత వార్తాపత్రిక పరిచి, కాఫీ తాగి వచ్చి చూశాను. పొడిగా ఉంది. అయినా అది సగం పరీక్షే. మలుపుల పరీక్ష ట్రాక్ మీదే జరగాలి.

2019 డిసెంబరులో మూడోసారి వెళ్ళాను. ఈసారి విడత విడతకూ టార్చి వేసి కింద చూశాను, గొట్టం మొదలు చేత్తో తడిమాను. ట్రాక్ మీద ప్రతి మలుపు దాటాకా కన్ను అద్దం మీదికే పోయింది. చుట్టు కాలం గురించి ఆలోచన రాలేదు. నాలుగు విడతలయ్యాక సీసా విప్పి చూస్తే అడుగున రెండు చెంచాల నూనె ఉంది. సీసా లేకపోతే అది కూడా ఎవరో ఒకరి టైరు కిందికే పోయేది.

కారు చెడిపోతే అది నా డబ్బు, నా తలనొప్పి అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. కానీ గేర్‌బాక్సులోంచి పోయిన నూనె నా దగ్గర ఆగదు. నన్ను నమ్మి నా వెనక వచ్చేవాడి దారిలో పడుతుంది. నూనె కారకుండా చూసుకోవడం యంత్రాన్ని కాపాడుకోవడానికే అనుకున్నంత కాలం నేను సగమే చూశాను.

ఆ కుర్రవాడి కోసం ఆ రోజు పాడక్ అంతా వెతికాను. రాలేదు. వచ్చి ఉంటే ఆ సీసా చూపిద్దామనుకున్నాను.