తెరవరాని పేటిక

మార్పు విజ్ఞానశాస్త్రానికి ప్రాణం. అయితే ప్రతి మార్పూ అభివృద్ధియేనా అన్నది విచారింపదగిన విషయం.

2003లో వచ్చిన నోకియా 1100 ఫోనును మా అబ్బాజాన్ నేటికీ వాడుతున్నారు. బ్యాటరీ బలహీనపడినప్పుడల్లా వెనుక మూత తీసి, కొత్తది తామే అమర్చుకుంటారు. 2007లో వచ్చిన తొలి ఐఫోన్‌లో బ్యాటరీని లోపలే బిగించివేశారు. 2015లో శాంసంగ్ గెలాక్సీ ఎస్6 కూడా ఆ బాటనే పట్టింది.

ఇందువల్ల ఫోను పలుచనవుతుందనీ, నీరు, ధూళి చొరబడకుండా చేయడం సులభమనీ మా విద్యార్థులు వాదిస్తారు. ఆ వాదంలో సత్యం లేకపోలేదు. కాని లిథియం అయాన్ బ్యాటరీ ఆయుష్షు పరిమితం. ఛార్జి చేసిన కొద్దీ అది క్షీణిస్తుంది. ఆ ఒక్క భాగం ముసలిదైనందుకు ఫోనంతటినీ పారవేసి, అప్పుచేసి కొత్తది కొన్న పేద విద్యార్థులను నేనెరుగుదును.

పరికరాల బ్యాటరీని వినియోగదారుడే మార్చుకొనగలిగి ఉండాలని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది. కొన్ని మినహాయింపులున్నా, ఆ నియమం వర్తించే తేదీని 2027 ఫిబ్రవరి 18గా నిర్ణయించింది.

పాత ఫోనుకై విలపించనక్కరలేదు. కాని కొన్న వస్తువును బాగుచేసుకొనే స్వేచ్ఛను పాతదని విడనాడరాదు. విద్యార్థులారా! కొత్త ఫోను కొనేటప్పుడు దాని అందాన్నే కాక, దానిని తెరిచే మార్గాన్ని కూడా విచారించండి.