సగమే దిగే గుటక

అవనిగడ్డ నుంచి మంగళగిరి రావాలంటే రెండు దారులు. పెనుమూడి వారధి ఎక్కి రేపల్లె, తెనాలి, దుగ్గిరాల మీదుగా పోవచ్చు. లేదంటే కృష్ణ కరకట్ట పట్టుకుని మోపిదేవి, తోట్లవల్లూరు, యనమలకుదురు మీదుగా బెజవాడ చేరి, కనకదుర్గమ్మ వారధి దాటొచ్చు. మా మేనత్త కరకట్టే అంది. "తెనాల్లో చుట్టాలున్నారు. ఆగకపోతే మాటొస్తుంది, ఆగితే ఆకేస్తారు. ఆకు ముందు కూర్చుని నేనేం చెయ్యనురా?"

ఆవిడకు ముద్ద దిగడం లేదు. ఇదేదో నిన్నా మొన్నా మొదలైంది కాదు. పెళ్లిళ్లలో బంతిలో కూర్చోకుండా కొంగు దోపుకుని వడ్డనకు దిగేది. అందరూ మెచ్చుకునేవాళ్లు, ఈ వయసులో కూడా ఎంత ఓపికో అని. అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో ఓ మూల నిలబడి నాలుగు మెతుకులు, వెంటనే గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు, చేతులు పైకెత్తి వెన్ను నిటారుగా సాగదీయడం. అలా చేస్తే లోపల పట్టుకున్నది జారుతుందని ఎవరూ చెప్పలేదు, ఆవిడే కనిపెట్టుకుంది. ఒక్కోసారి జారేది, ఒక్కోసారి తిన్నది తిన్నట్టే వెనక్కొచ్చేది. ఊళ్లో గ్యాస్ అన్నారు. పరగడుపున వేసుకునే బిళ్లలు అట్టలకు అట్టలు అయిపోయాయి. జాకెట్లు వదులై, కుట్లు లోపలికి వేయించుకునే దాకా వచ్చాక మా ఇంట్లోవాళ్లు ఎయిమ్స్ మాట ఎత్తారు.

మంగళగిరి ఎయిమ్స్ ఉన్నచోట ఒకప్పుడు టీబీ శానిటోరియం ఉండేది. ఆ పేరు చెబితే పాతకాలం వాళ్లు ఇప్పటికీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. 2015 డిసెంబరులో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. 2019లో ఓపీ మొదలైంది. 2024 ఫిబ్రవరి 25న ప్రధాని రాజ్‌కోట్ నుంచే దీన్ని జాతికి అంకితం చేశారు. కొండ పక్కన, హైవేకి దగ్గర్లో, 960 పడకల పెద్ద ప్రాంగణం. 10 రూపాయల ఓపీ చీటీ కోసం తెల్లారకముందే చేరిన జనంలో గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల యాసలన్నీ వినిపిస్తాయి. వరస కదలడానికి టైం పడుతుంది. తిట్టుకోవడం ఎందుకు, కాలక్షేపానికి పక్కవాళ్లున్నారు.

మింగడం కష్టమనేది ఒక్క జబ్బు కాదని నాకు అర్థమైంది డాక్టరు గది బయట బెంచీ మీదే. మా పక్కన పొన్నూరు వైపు నుంచి వచ్చిన దంపతులు. ఆయనకు పక్షవాతం వచ్చి చెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది గానీ నీళ్లు తాగితే పొలమారుతోంది. నేను చూస్తుండగానే ఆయన దాహమన్నాడు. భార్య సంచిలోంచి సీసా తీసి, గ్లాసులో నీళ్లు పోసి, డబ్బాలోంచి ఏదో పొడి చెంచాతో వేసి కలిపింది. నీళ్లు పల్చటి జావలా అయ్యాయి. "గడ్డం కిందికి" అంది. ఆయన గడ్డాన్ని ఎదురు రొమ్ముకు ఆనించి, ఒక్క చెంచా నోట్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని మింగాడు. ఆవిడ ఆయన గొంతుముడి పైకి లేచి దిగేదాకా చూసి, అప్పుడు రెండో చెంచా అందించింది.

ఇడ్లీ సాంబారులో నానబెట్టి పెడితే బాగానే తింటాడట, ఉత్త నీళ్లకే దగ్గొస్తుందట. విన్నవాళ్లకు ఇది తలకిందులుగా తోస్తుంది. నీళ్లు తేలిక, అన్నం కష్టం కదా మన లెక్క. కానీ నోటికీ గొంతుకీ మధ్య జరిగే పని క్షణం తేడా కూడా ఓర్చుకోదు. మింగేటప్పుడు ఊపిరి ఆగాలి, గొంతుపెట్టె పైకి లేవాలి, గాలిగొట్టం మీద మూత పడాలి. మెదడు నుంచి వచ్చే నరాలు ఐదు జతలు, కండరాలు పాతిక పైచిలుకు జతలు కలిసి చేసే పని ఇది. పక్షవాతంలో ఆ మూత కాస్త ఆలస్యంగా పడుతుంది. చిక్కటిది నెమ్మదిగా జారుతుంది గనక మూత పడేదాకా ఆగుతుంది. నీళ్లు ఆగవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అక్కణ్నుంచి న్యుమోనియా. పార్కిన్సన్స్‌లోనూ, మయస్తీనియాలోనూ, మోటార్ న్యూరాన్ జబ్బులోనూ చిక్కు ఈ మెట్టు దగ్గరే. మన ఇళ్లలో పొలమారితే నెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారని నవ్వేస్తాం. మంచం పట్టిన పెద్దాయన రోజూ పొలమారుతుంటే అది నవ్వి ఊరుకునే సంగతి కాదు.

అటుపక్క మంగళగిరి చేనేత ఇంటి ఆవిడ, నలభై దాటి ఉండవు. పెదాలు పాలిపోయి, గోళ్లు చెంచాల్లా గుంటలు పడి ఉన్నాయి. గట్టి పదార్థం ఏదైనా గొంతు పైభాగంలోనే చిక్కుకుంటుందట. ఏళ్ల తరబడి రక్తహీనత ఉన్న కొందరు ఆడవాళ్లలో అన్నవాహిక మొదట్లో సన్నటి పొర ఒకటి అడ్డంగా పెరుగుతుంది, దాన్ని ప్లమ్మర్ విన్సన్ అంటారు. ఇనుము మాత్రలతో రక్తం పెంచుతూ, గొట్టంతో ఆ పొరను చీలిస్తే చాలావరకు తేరుకుంటారు. అలా వదిలేస్తే కొందరిలో క్యాన్సర్ దాకా పోవచ్చు. మగ్గం మీద చీర దింపే దాకా తిండి సంగతి పట్టించుకోని ఇల్లాళ్లు ఈ ఊళ్లో ఎందరో. నాకు మాత్రం ఆవిడ గోళ్లు చూశాక ఇక్కడి నిజాం అంచు చీరలు చూడబుద్ధి కాలేదు, కాసేపు.

మా పేరు పిలిచారు. లోపల ఉన్న కుర్ర డాక్టరుది ఉత్తరాది. తెలుగు పూర్తిగా రాదు గానీ అవసరమైన నాలుగు ప్రశ్నలు గట్టిగా నేర్చుకున్నాడు. "అమ్మా, అన్నమా? నీళ్లా? ముందు ఏది ఆగింది?" అత్తయ్య ఆలోచించి, రెండూ ఒక్కసారే మొదలయ్యాయంది. ఒకరోజు అన్నం దిగుతుంది, నీళ్లు దిగవు, మర్నాడు తిరగబడుతుంది. "ఎక్కడ ఆగుతుంది?" ఆవిడ రొమ్ముల మధ్య ఎముక మీద వేలు పెట్టింది. "వెనక్కి వచ్చింది, పులుపా?" పులుపు కాదు, ముక్కిపోయిన అన్నం వాసన. రాత్రిళ్లు దిండు మీద కూడా పడుతుందని చెప్పడానికి మాత్రం నన్ను కాసేపు బయటకు పొమ్మంది. నాకు ముందే తెలుసని ఆవిడకు తెలీదు, వెళ్లాను.

ఆ మూడు ప్రశ్నలకే సగం దారి తెలిసిపోతుందట. ముందు గట్టివి ఆగి, తర్వాత మెత్తవి, ఆపైన నీళ్లు, ఇదంతా కొన్ని వారాల్లో, నెలల్లో జరిగితే దారి ఇరుకవుతోందని అర్థం. గడ్డ కావచ్చు, యాసిడ్ తాగినవాళ్లలో మచ్చకట్టి బిగిసిన గొట్టం కావచ్చు, ఏళ్ల నాటి ఛాతీ మంట వల్ల ఏర్పడ్డ సన్నదనం కావచ్చు. పొగాకు, మందు అలవాటున్నవాళ్లలో మొదటిదాన్నే ముందు అనుమానిస్తారు. అన్నం, నీళ్లు మొదటినుంచీ రెండూ ఇబ్బంది పెడితే దారి కాదు, దాన్ని నడిపించే కండరానిదే లోపం. మింగీ మింగగానే దగ్గొస్తే, ముక్కులోంచి నీళ్లొస్తే గొంతులో, నరాల్లో వెతకాలి. డాక్టరు మర్నాడు పొద్దున బేరియం పరీక్షకు, తర్వాత ఎండోస్కోపీకి రాశాడు. ఏదో ఒక పేరు కూడా రాశాడు, పక్కన ప్రశ్న గుర్తు పెట్టి.

బయటికొచ్చేసరికి మధ్యాహ్నం. "మూడింటికి తలుపులేస్తారు, కొండ ఎక్కుదాం పద" అంది అత్తయ్య. పానకాల నరసింహస్వామి గుడి మధ్యాహ్నం దాటితే మూసేస్తారు, రాత్రి పూజ దేవతలదని నమ్మకం. మెట్లు 1890లో చన్నాప్రగడ బలరామదాసు కట్టించారు. మేం ఆటోలో ఘాట్ రోడ్డునే పోయాం. పైనుంచి చూస్తే కింద గుడి గాలిగోపురం, 11 అంతస్తులు, 153 అడుగులు, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09లో కట్టించింది, ఊరి ఇళ్ల మధ్య నిటారుగా.

ఇక్కడ స్వామికి నిలువెత్తు విగ్రహం లేదు, తెరుచుకున్న నోరే స్వామి. దానికి లోహపు తొడుగు. కృతయుగంలో అమృతం, త్రేతలో నెయ్యి, ద్వాపరంలో పాలు తాగి, కలియుగంలో పానకానికి దిగాడని స్థలపురాణం. బెల్లం, మిరియాలు, ఏలకులు కలిపిన పానకం బిందె అర్చకుల చేతికిచ్చాం. శంఖంతో పోస్తుంటే లోపల గుటగుటమని చప్పుడు. పోస్తున్నకొద్దీ చప్పుడు పెరిగి, ఒక చోట ఠక్కున ఆగుతుంది. అంతే, స్వామి ఇక తాగడు. మిగిలిన సగం ప్రసాదంగా వెనక్కి ఇస్తారు. చిన్న చెంబైనా పెద్ద బిందైనా సగమే అంటారు. ఇంత బెల్లం ఒలుకుతున్నా ఈగ గానీ చీమ గానీ కనపడదని అందరూ చూపిస్తారు. కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమనీ, లోపలి గంధకానికి బెల్లం నీళ్లు విరుగుడనీ అనేవాళ్లూ ఉన్నారు. నేను ఏ పక్షమూ పట్టలేదు, అత్తయ్య మొహం చూస్తున్నాను.

ఆవిడ రెయిలింగు పట్టుకుని ముందుకు వంగి వింటోంది. "ఆ చప్పుడు నాకు తెలుసురా" అంది మెల్లగా. "రాత్రి పడుకుంటే నా గుండెల్లో ఇదే." కాసేపాగి, నవ్వేసింది. "ఇంకేం, స్వామికీ సగమే దిగుతోంది. ఈయన మిగిల్చింది అందరూ కళ్లకద్దుకుని తాగుతారు, నాది దాచుకోలేక చస్తున్నాను." వెనకనున్న ఆవిడెవరో "తప్పు తప్పు" అని చెంపలు వేసుకుంది. అర్చకుడు మాత్రం నవ్వాపుకుంటున్నాడు. ప్రసాదం అత్తయ్య గుక్కలు గుక్కలుగా, ఒక్కో గుక్కకూ ఆగి, తాగింది. బిందెలో మిగిలింది నేను తాగాను.

మర్నాడు బేరియం. రాత్రి నుంచి కడుపు ఖాళీగా ఉంచమన్నారు. గ్లాసులో సున్నపు తేటలాంటి తెల్లటి చిక్కటి మందు, యంత్రం ముందు నిలబడి మింగాలి. మామూలుగా మింగింది పాతిక సెంటీమీటర్ల అన్నవాహికను పది సెకన్ల లోపే దాటి పొట్టలో పడుతుంది. ఫిల్మ్ మీద అత్తయ్యది పడలేదు. పైన నాళం ఉబ్బి వెడల్పుగా, నిండా తెల్లగా నిలిచి ఉంది, కింద పొట్ట మొదట్లో సన్నగా కోసుగా ముగిసింది. "పిట్ట ముక్కు" అన్నాడు రేడియాలజీ కుర్రాడు, వైద్య పుస్తకాల్లోనూ అలానే రాస్తారట. తర్వాత ఎండోస్కోపీలో గడ్డ ఏదీ లేదని తేలింది. ఆ పరీక్ష తప్పించుకోకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. కొందరిలో పొట్ట మొదట్లో క్యాన్సర్ ఉండి కూడా బొమ్మ అచ్చం ఇలానే కనిపిస్తుందట.

చీటీ మీద ప్రశ్న గుర్తు పెట్టిన పేరు అకలేషియా. అన్నవాహిక గోడలో ఉండే నరకణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. నాళం తిండిని కిందికి తొయ్యదు, అడుగున ఉన్న కవాటం ఎంత పిలిచినా తెరుచుకోదు. ఏటా లక్షమందిలో ఒకరిద్దరికి వస్తుంది. అందుకే గ్యాస్ అనేసేవాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం, చాలామంది డాక్టర్లు తమ సర్వీసులో రెండు మూడు కేసులు చూస్తే గొప్ప. చచ్చిన నరాలు తిరిగి రావు. చేయగలిగిందల్లా కవాటాన్ని బలవంతంగా వదులు చేయడం. 1670ల్లో ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు తిమింగలం ఎముక పుల్లకు స్పాంజి కట్టి, ఒక రోగి చేత రోజూ తిండిని లోపలికి తోయించాడు. 1913లో జర్మనీలో హెల్లర్ ఆ కండరాన్ని కోసి వదులు చేశాడు. 2008లో జపాన్ వైద్యుడు ఇనౌయే నోట్లోంచి ఎండోస్కోపు పంపి, నాళం గోడ లోపలే సొరంగం చేసుకుంటూ పోయి కోశాడు, బయట చర్మం మీద గాటు లేదు. దాన్ని పోయెమ్ అంటారు. హైదరాబాద్‌లో నాగేశ్వర్ రెడ్డి గారి ఏఐజీలో ఇది ఏళ్లుగా చేస్తున్నారు. బెలూన్‌తో సాగదీయడం ఇంకో పద్ధతి, తర్వాత మళ్లీ చేయాల్సి రావచ్చు. పోయెమ్ తర్వాత కొందరికి ఛాతీ మంట పట్టుకుంటుంది. ఏది నప్పుతుందో తేల్చడానికి ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి ఒత్తిడి కొలిచే పరీక్ష ఒకటి మిగిలింది, దానికి కాగితం రాసిచ్చారు.

అంతదాకా మెత్తగా, కొంచెం కొంచెంగా, నమిలి నమిలి తినమన్నాడు డాక్టరు. కూర్చునే తినాలి. పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించాలి, తలవైపు మంచం ఎత్తు చేసుకోవాలి. అత్తయ్య తల ఊపుతూ అన్నీ వింది. ఆవకాయ సంగతి అడిగింది, నూనె తేటతో కలుపుకోమన్నాడు, ముక్క వద్దన్నాడు. ఆ తర్వాత అసలు మాట బయటపెట్టింది.

"బాబూ, మినుములు ఇంటికొచ్చాక పెట్టుకుందామా?"

డాక్టరుకు మినుములు అర్థం కాలేదు. నర్సు "ఉరద్ దాల్" అని చెబితే, అత్తయ్య అది తినడం గురించి అడుగుతోందనుకుని వద్దన్నాడు. తినడం కాదు, కోత అని నేను వివరించాక, బరువు రాసిన కాగితం ఆవిడ ముందుకు తిప్పి, వేలు పెట్టి చూపించి, "ఈ వారమే" అన్నాడు. అత్తయ్య ఆ అంకె వైపు చూడనైనా చూడలేదు. నా వైపు తిరిగి, కూలీలను ఎవరిని పిలవాలో, ఎవరికి బయానా ఇచ్చి ఉందో, కిందటేడు మాట తప్పిన ముఠా పేరేమిటో, అక్కడే డాక్టరు బల్ల ముందు కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. తర్వాతి పేషెంటు లోపలికొచ్చి నిలబడ్డాడు.