తాత చెప్పిన కొలత

ఆ ఆదివారం పొద్దున అనంతపురంలోని ఆ ఇంట్లో కాఫీ గ్లాసు గ్లాసులాగే చల్లారిపోయింది. ఎనభై ఏళ్ల పెద్దాయన టీవీ ముందు నుంచి లేవలేదు. ముందురోజు, అంటే 2024 ఆగస్టు 10 రాత్రి, హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాంలో పంతొమ్మిదో గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. నిండుకుండలా ఉన్న జలాశయం నుంచి నీళ్లు తెల్లగా ఎగిసిపడుతున్నాయి.

హైదరాబాద్ నుంచి మనవరాలు ఫోన్ చేసింది.

"తాతా, సూస్తివా?"

"సూస్తానే ఉండా. గేటు పోతే పాయ గానీ... దాని డ్రాయింగులు దొరికినాయంటనా?"

మనవరాలికి నవ్వొచ్చింది. కోట్ల రూపాయల నీళ్లు ఏట్లో కలుస్తుంటే ఈయనకు కాగితాల గోల ఏమిటి? ఆమె కూడా సివిల్ ఇంజినీరే. అనంతపురం జేఎన్‌టీయూలో చదివింది. అయినా ఆ ప్రశ్న లోతు ఆమెకు నాలుగైదు రోజుల తర్వాతగానీ అర్థం కాలేదు.

పెద్దాయన కాలువల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ట్రేసింగ్ క్లాత్ మీద ఇండియన్ ఇంకుతో గీతలు గీస్తూ వయసంతా గడిపారు. అమ్మోనియా ప్రింట్ల ఘాటు ముక్కులోంచి ఇప్పటికీ పోలేదంటారు. తుంగభద్ర ఎగువ కాలువ అంటే ఆయనకు ఇంటి ముందు వీధి లాంటిది. ఏ కిలోమీటరు దగ్గర ఏ తూముందో కళ్లు మూసుకుని చెప్పగలరు.

అనంతపురం వాళ్లకు ఆ కాలువ ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా! ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే ఈ జిల్లాలో పండగే. చాలా ఏళ్లు అదీ ఉండదు. వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూడడం ఇక్కడి వ్యవసాయం. ఎగువ కాలువ కింద ఆంధ్రప్రదేశ్‌కు 32.5 టీఎంసీలు కేటాయించారు. ఏటా అన్నీ రావనుకోండి. వచ్చినవే మిడ్ పెన్నార్ డ్యాంకూ, పెన్న అహోబిలం జలాశయానికీ చేరతాయి. 2012 చివర్లో హంద్రీ-నీవా ద్వారా కృష్ణా నీళ్లు జీడిపల్లికి వచ్చేదాకా జిల్లాకు బయటి నుంచి వచ్చే పెద్ద ఆధారం ఇదొక్కటే. అందుకే హోస్పేటలో గొలుసు తెగితే అనంతపురంలో గుండె ఆగినంత పనవుతుంది.

తుంగభద్ర డ్యాం కథ కూడా మామూలుది కాదు. 1945లో శంకుస్థాపన జరిగింది. ఎడమ సగం హైదరాబాద్ సంస్థానం, కుడి సగం మద్రాసు రాష్ట్రం కట్టాయి. ఇద్దరు దొరలు, రెండు ఇంజినీర్ల బృందాలు, ఒకే రాతికట్ట! 1953లో నీళ్లు వదిలారు. మొదట్లో 133 టీఎంసీలు పట్టేది. ఏళ్ల తరబడి పూడిక చేరి ఇప్పుడు 105 టీఎంసీల దగ్గరకు వచ్చింది. మొత్తం 33 గేట్లు. ఒక్కోటీ అరవై అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల ఎత్తు. అప్పటి డిజైన్‌లో, గేటు దెబ్బతింటే దాని ముందు అడ్డంగా దించే స్టాప్‌లాగులకు ఏర్పాటు లేదు. కాబట్టి గేటు పోయిన చోట మరో తలుపు లేనట్టే. ఒక్క ఖాళీలోంచే 35 వేల క్యూసెక్కులు. కట్ట మీద ఒత్తిడి తగ్గించడానికి మిగిలిన గేట్లూ ఎత్తాల్సి వచ్చింది.

అప్పుడు పిలిచింది ఎవరినో గుర్తుందా? కన్నయ్య నాయుడు. ఎనభై ఏళ్ల దరిదాపుల్లో ఉన్న రిటైర్డ్ గేట్ల నిపుణుడు. ఆయన సూచనల ప్రకారం అయిదు ఉక్కు పలకలు తయారయ్యాయి. ఒక్కోటీ అరవై అడుగుల పొడవు, నాలుగు అడుగుల ఎత్తు. పారే నీళ్లలోకే ఒక్కోటీ దించారు. ఆగస్టు 16న మొదటిది కూర్చుంది. 17న మిగతావీ కూర్చున్నాయి. టీవీలో చూస్తున్న పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు.

"సూడమ్మా, అందరూ కంప్యూటర్ల ముందర కూసోని ఉంటిరి. కడాకు పిలిచింది మా ఈడాయన్నే" అన్నారు ఫోన్లో.

మనవరాలికి అది కాస్త గుచ్చుకుంది. ఎందుకంటే ఆమె కూర్చునేది కంప్యూటర్ ముందే.

వినాయక చవితికి ఇంటికి వచ్చినప్పుడు ఆమె ల్యాప్‌టాప్ తెరిచి తాత పక్కన కూర్చుంది. తెర మీద ఎక్కడో విదేశంలో కడుతున్న ఆసుపత్రి. హైదరాబాద్ ఆఫీసుల్లో ఇలాంటి పనులు బోలెడు. దీన్ని బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అంటారు, ముద్దుగా బిమ్. తాత మొదట పెదవి విరిచారు. "బొమ్మ బాగుండాది. మేమూ గీస్తిమి" అన్నారు. ఆమె ఒక తలుపు మీద నొక్కింది. పక్కనే పట్టిక తెరుచుకుంది. ఏ కంపెనీ తలుపు, ఎంత బరువు, ఎప్పుడు బిగిస్తారు, ఎన్నేళ్లకు మార్చాలి... అన్నీ ఉన్నాయి. గోడను ఒక అడుగు జరిపితే ప్లానూ, సెక్షనూ, ఇటుకల లెక్కా అన్నీ వాటంతట అవే మారిపోయాయి. ఇనుప చువ్వకు నీళ్ల పైపు అడ్డం వస్తే ముందే ఎర్రగా చూపించింది. డ్రాయింగ్ అంటే గీతలు. ఇందులో గీత లేదు, వస్తువు ఉంది. దాని జాతకం కూడా దాని దగ్గరే ఉంది.

తాత కళ్లద్దాలు సర్దుకున్నారు. ప్లాన్‌లో చిన్న మార్పు వస్తే బ్లేడుతో ఇంకు గీకి, పది షీట్లలో మళ్లీ గీసిన మనిషి ఆయన.

డ్యాంలకూ దీన్ని వాడుతున్నారని ఆమె చెప్పింది. చైనాలో 289 మీటర్ల ఎత్తున్న బైహెతాన్ డ్యాం కట్టేటప్పుడు కాంక్రీటు లోపల వేడి కొలిచే పరికరాలు అమర్చి, ఆ లెక్కలన్నీ కంప్యూటర్ నమూనాకు కలిపారు. కాంక్రీటు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, ఆ వేడి అదుపు తప్పితే పగుళ్లొస్తాయి. పాత డ్యాంలకైతే డ్రోన్లతో, లేజర్ స్కానర్లతో కొలతలు తీసి నమూనా తయారుచేస్తారు. ఊట ఎక్కడ ఎంత వస్తోంది, ఏ గేటుకు ఎప్పుడు గ్రీజు పెట్టారు, ఏ గొలుసు ఎన్నేళ్లది... నొక్కితే కనిపించాలి.

"పెన్న అహోబిలానికి ఉంటే?" అన్నారు తాత చటుక్కున. ఆ జలాశయం సామర్థ్యం 11 టీఎంసీలు. ఊటల భయంతో నిండా నింపకుండానే ఏళ్లకేళ్లు గడిచాయి.

"ఉంటే ఊట యాడ పెరిగిందో ఏడాదికేడాది పోల్చి చూడొచ్చు తాతా. ఊటను ఆపేది మాత్రం మళ్లీ మనుషులే."

ఆ నిజాయతీ ఆయనకు నచ్చింది.

మన రాష్ట్రంలో దెబ్బలు తక్కువ తినలేదు. 2021 ఆగస్టులో పులిచింతల పదహారో గేటు కొట్టుకుపోయింది. అదే ఏడాది నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి ఊళ్లు ఊడ్చుకుపోయాయి. అక్కడున్న అయిదు గేట్లలో ఒకటి పనిచేయని స్థితిలో ఉంది. ఆ డిసెంబరులోనే పార్లమెంటు డ్యాం భద్రత చట్టం చేసింది. ప్రతి పెద్ద డ్యాంకూ రికార్డులుండాలి, పరికరాలుండాలి, తనిఖీలు జరగాలి అంటుందది. కేంద్ర జలసంఘం డ్యాంల వివరాల కోసం ఒక కంప్యూటర్ వ్యవస్థ కూడా తెచ్చింది. పేరు 'ధర్మ'. పేరు పెట్టినవాళ్లకు ఓ నమస్కారం! అయితే వివరాలు ఎవరో ఒకరు నింపాలి కదా. నింపడానికి కాగితాలుండాలి. పెద్దాయన ప్రశ్న అక్కడికే వస్తుంది. రిటైరయ్యే ముందు ఆయన పనిచేసిన ఒక ఆఫీసులో పాత ట్రేసింగుల కట్టలకు చెదలు పట్టి, మిగిలినవి చిత్తుకాగితాల బండి ఎక్కాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆరోజే మొదటిసారి చెప్పారు.

చవితి మర్నాడు ఇద్దరూ సొంతూరి చెరువుకు వెళ్లారు. టేపు తాత చేతిలో, ఫోను ఆమె చేతిలో. కట్ట పొడవు, తూము వెడల్పు, మరవ ఎత్తు కొలిచారు. ఆమె ఫొటోలు తీసింది. రాత్రికి ల్యాప్‌టాప్‌లో చెరువు తూము లేచి నిలబడింది. రాళ్లూ, మెట్లూ, తలుపూ.

తాత చాలాసేపు చూశారు. తర్వాత వేలు పెట్టి, "ఇది తప్పు" అన్నారు.

"కొలిచినాం కదా తాతా?"

"పైన కొలిస్తివి. లోపల మూడో బండ నిలువునా పగిలింది. ఇనప పట్టీ వేసి పైన గచ్చు పూసినాం. గచ్చు ఊడితే తప్ప అగపడదు. ఈ తూము పోతే ముందు ఆడే పోతాది."

ఆమె ఉలిక్కిపడింది. ఏ డ్రోనూ, ఏ లేజరూ చూడలేని పగులు అది. దాన్ని చూసినవాళ్లలో ఇంకా బతికున్నది ఈయనొక్కరే. మేస్త్రీ పోయి చాలా కాలమైంది. తాతకు కుడికంట్లో శుక్లం ముదిరింది. ఈమధ్య పేర్లు కూడా మర్చిపోతున్నారు, కొలతలు తప్ప.

ఆ తర్వాత తుంగభద్రలో 2025లో 80 టీఎంసీలకు మించి నిల్వ చేయలేదు. మొత్తం 33 గేట్లనూ మార్చాలని నిర్ణయించారు. హోస్పేట వార్త వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో ఫోను మోగుతుంది. ఆదివారం ఆదివారం మనవరాలు అడుగుతుంది, తాత చెబుతారు. ఇప్పుడు ఎగువ కాలువ మీద ఆయన చూసిన తూములు ఒక్కొక్కటీ నమోదవుతున్నాయి. ఎవరూ అడిగిన పని కాదు, ఎవరూ జీతం ఇచ్చే పనీ కాదు.

ఆ రాత్రి మూడో బండ మీద నొక్కి, ఆమె పగులు గుర్తు పెట్టింది. పొడవు, వెడల్పు, ఇనప పట్టీ మందం తాత చెబుతుంటే రాసుకుంది. చివర్లో 'ఆధారం' అని ఒక గడి ఉంది. ఏ డ్రాయింగు నంబరో, ఏ రిపోర్టో రాయాల్సిన చోటు. ఆమె కాసేపు ఆగి, అక్కడ తాత ఇంటిపేరుతో సహా పూర్తి పేరు టైప్ చేసింది.

"స్పెల్లింగు సరింగా రాయి మ్మా" అన్నారాయన, తెరకు దగ్గరగా వంగి చూస్తూ.