తక్కువైన నాలుగు పైసలు

బడిలో నేర్చుకొనువారు పిల్లలనియు, నేర్పువాడు ఉపాధ్యాయుడనియు మనమందరము అనుకొందుము. నేనును అట్లే అనుకొంటిని. ఇరువది యేండ్ల వయస్సున ట్రెయినింగు ముగించుకొని, క్రొత్తగా ఉద్యోగములో చేరిన దినములలో, ఒకే వారములో నా పిల్లలు నాకు నేర్పిన పాఠమును మీతో చెప్పుకొనవలెనని చాలకాలముగా నా మనస్సులో నున్నది. నాకిప్పుడు ఎనుబదియెనిమిది సంవత్సరములు. ఇక ఆలస్యము చేయుట తగదు.

అది 1957వ సంవత్సరము, జూలై నెల చివరి వారము. గుంటూరు జిల్లాలో కృష్ణ కాలువ క్రింది యొక పల్లె. అందులో లూథరన్ మిషను ఎలిమెంటరీ పాఠశాల. పాఠశాల యనిన మేడ కాదు. తాటాకు కప్పిన ఒకే శాల. ఆదివారము అది ప్రార్థనాలయము, తక్కిన దినములలో బడి. సోమవారము ఉదయమున బలిపీఠపు బల్లమీది తెల్లగుడ్డను మడిచి పెట్టెలో పెట్టి, నల్లబల్లను గోడకు నిలబెట్టుటతో మా వారము మొదలగుచుండెను. పెద్ద మాష్టారు మొదటి మూడు తరగతులును చూచుచుండిరి. నాలుగు, ఐదు తరగతులు నావి. ఆ రెండింటను కలిసి ముప్పదియిద్దరు పిల్లలు.

సోమవారము. వేపకొమ్మకు వ్రేలాడదీసిన రైలుపట్టా ముక్కయే మా గంట. గంట మ్రోగగానే పిల్లలు వరుసగా కూర్చుండి కీర్తన పాడిరి. ప్రార్థన, తరువాత హాజరు. శాలకు ఆ ప్రక్కన పసివారు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచుండగా, ఈ ప్రక్కన నా పిల్లలు ఎక్కములు వల్లించిరి. ఆ యేడు ఏప్రిలు 1వ తేదీనుండి ప్రభుత్వమువారు నయాపైసలు ప్రవేశపెట్టిరి. అంతకుముందు రూపాయికి పదునారు అణాలు. ఇప్పుడు రూపాయికి నూరు నయాపైసలు. పాత నాణెములును క్రొత్త నాణెములును కలిసి చెల్లుచుండెను. సంతలోనేమి, చిల్లర కొట్టులోనేమి అందరికిని తికమకయే. కావున ఆ వారము నాణెముల మార్పిడి నేర్పవలెనని పాఠక్రమములో వ్రాసికొంటిని.

ఆ వారమునకు మరియొక విశేషము గలదు. బుధవారము జూలై 31వ తేదీ. 1842లో ఆ దినముననే ఫాదర్ హయ్యరుగారు గుంటూరు చేరిరి. ఆ జ్ఞాపకార్థము పిల్లలు తలకొక అణా కానుక తేవలెనని ముందటి ఆదివారమే చెప్పియుంటిమి. నేను హాజరుపుస్తకము ప్రక్కన మరియొక పుస్తకము పెట్టుకొని, తెచ్చితినన్న వాని పేరునకు ఎదురుగా "అణా" అని వ్రాసితిని. ఐదవ తరగతిలో నెమ్మదియైన పిల్లవాడొకడుండెను. తండ్రి లేడు. తల్లి కూలిపని చేయును. వానిని డబ్బా పట్టుకొమ్మంటిని. పిల్లలు ఒక్కొక్కరు వెళ్లి తమ కానుకను డబ్బాలో వేసిరి. తాళపుచెవియు వానియొద్దనే యుంచితిని. ఆ నమ్మకమునకు వాని ముఖము వెలిగిపోయెను.

మంగళవారము భూగోళము. దొడ్డిలో మట్టితో కృష్ణానదిని చేసితిమి. మహాబలేశ్వరము వద్ద మట్టి గుట్టగా పోసి, అక్కడనుండి హంసలదీవి వరకు వంకరలు త్రవ్వితిమి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము వద్ద ఒక గులకరాయి, బెజవాడ వద్ద మరియొకటి పెట్టితిమి. డబ్బా పట్టుకొన్న ఆ పిల్లవాడే కాలువనుండి కడవతో నీళ్లు తెచ్చి గుట్టమీద పోసెను. నీళ్లు జరజర ప్రాకి హంసలదీవి చేరగానే పిల్లలందరు చప్పట్లు కొట్టిరి. ఆ సాయంకాలమునకు ముప్పదియిద్దరి పేర్లకును ఎదురుగా "అణా" పడెను.

బుధవారము పాఠములు తక్కువ. పెద్ద మాష్టారు పిల్లలందరిని ఒకచోట కూర్చుండబెట్టి హయ్యరుగారి కథ చెప్పిరి. జర్మనీలో పుట్టి, అమెరికాలో సువార్తసేవ చేసి, అక్కడనుండి ఓడనెక్కి వచ్చిరని చెప్పిరి. గుంటూరులో కలెక్టరు స్టోక్సు దొరగారు వారిని ఆదరించిరనియు, వారు త్వరలోనే బడులు పెట్టిరనియు చెప్పిరి. వయస్సు డెబ్బదియైదు దాటిన తరువాత, 1869లో, రాజమండ్రి ప్రాంతపు పని నిలువవలెనని మరల సముద్రము దాటి వచ్చిరని చెప్పినప్పుడు పిల్లలు నోళ్లు తెరచి వినిరి.

సాయంకాలము డబ్బా తెరచితిని. ముప్పదిరెండు అణాలనగా రెండు రూపాయలు. అంచు వంకరలు గల పాత అణాబిళ్లలు ఒక కుప్ప, నయాపైసలు ఒక కుప్ప పోసితిని. అణాబిళ్లలు పదునారు. అది సరిగా ఒక రూపాయి. తక్కిన కుప్పలో చదరపు అయిదు పైసల బిళ్లలును, ఎర్రని ఒంటి పైసలును ఉండెను. అవి నూరు పైసలు కావలెను. తొంబదియారే యుండెను. మూడుమారులు లెక్కించితిని. తొంబదియారే.

పెద్ద మాష్టారితో చెప్పితిని. ఆయన కండ్లజోడు తీసి, "డబ్బాను అనుమానించకముందు నీ పుస్తకాన్ని అనుమానించు నాయనా" అనిరి. మూడుమారులు లెక్కించితినని నేను కొంచెము గర్వముగనే బదులు చెప్పితిని. ఆనాటి ఉదయమున ఆ పిల్లవాని చేతిలో క్రొత్త బలపమును చూచితిని. నాకు అది చాలినది.

గురువారము లూథరుగారి చిన్న ప్రశ్నోత్తరి. 1529లో ఆయన ఇంటింటి పిల్లలకొరకు వ్రాసిన ఆ చిన్న పుస్తకములో మా పిల్లలు ఆజ్ఞలు, వాటి యర్థములు కంఠస్థము చేయుచుండిరి. ఆ దినము ఎనిమిదవ ఆజ్ఞ చెప్పవలసియుండెను. నేను వెనుకకు మరలి, దొంగతనమును గూర్చిన ఏడవ ఆజ్ఞనే మరల యెత్తుకొంటిని. (మన బాప్టిస్టు సోదరులు దీనిని ఎనిమిదవదిగా లెక్కింతురు.) దేవుని సొమ్ము ముట్టినవాని గతిని గూర్చి చాలసేపు మాటలాడితిని. మాటలాడుచున్నంతసేపు నా చూపు ఒక్కనిమీదనే యుండెను. చివరకు అందరు వినుచుండగా, "డబ్బాలో నాలుగు పైసలు తక్కువైనవి. నీకేమైనా తెలుసా?" అని వానిని అడిగితిని.

వాడు లేచి నిలువబడెను. "తెలవదండీ" అనెను. మరి మాటలాడలేదు. తాళపుచెవిని తెచ్చి నా బల్లమీద పెట్టి, పోయి కూర్చుండెను. మధ్యాహ్నము పిల్లలు చద్దిమూటలు విప్పినప్పుడు వాని ప్రక్కన ఎవరును కూర్చుండలేదు. తకిలీ వడకు గంటలో వాని దారము మాటిమాటికి తెగిపోయెను. నేను చూచియు చూడనట్లుంటిని.

శుక్రవారము వాడు బడికి రాలేదు. పదిగంటలవేళ వాని తల్లి వచ్చెను. ఊడ్పుల దినములు గనుక మోకాళ్లదాక బురద. శాలలోనికి రాక గడప బయటనే నిలిచెను.

"మాష్టారయ్యా, మావోడు తియ్యలేదంటన్నాడు. నేను నమ్మాను. ఆ బలపం నేనే గుప్పెడు వడ్లు ఏసి కొనిచ్చాను. అయినా దేవుడి డబ్బులో తక్కువ రాకూడదు గందా" అని, కొంగుముడి విప్పి నాలుగు పైసలు గడపమీద పెట్టెను. "వాణ్ణి బడి మాత్రం మానిపించకండయ్యా" అనెను.

నేనేమి చేసితినో వ్రాయుటకు నేటికిని చేయి వణకుచున్నది. ఆ నాలుగు పైసలు తీసికొంటిని. డబ్బాలో వేసితిని. పుస్తకములో "లెక్క సరి" అని వ్రాసితిని. ఆమె పొలమునకు మరలిపోయెను.

శనివారము ఒంటిపూట బడి. వారమంతయు వాయిదా వేసిన మార్పిడి పట్టికను నల్లబల్లమీద వ్రాసితిని. ఒక అణాకు 6 పైసలు. రెండు అణాలకు 12. మూడు అణాలకు 19. నాలుగు అణాలకు 25. పిల్లలందరును గొంతెత్తి చదివిరి. నాలుగవ తరగతిలో ముందువరుసనున్న యొక చిన్నది చేయెత్తెను.

"మాష్టారూ, అణాకి ఆరైతే, నాలుగార్లు ఇరవైనాలుగు గదండీ? ఇరవైఅయిదెట్లా అయిందండీ?"

మంచి ప్రశ్న యని మెచ్చుకొంటిని. అణాకు నిజముగా ఆరుంబావు పైసలు. పావు పైసాకు నాణెము లేదు గనుక విడి అణాకు ఆరే యని ప్రభుత్వమువారు నిర్ణయించిరి. నాలుగు అణాలు కలిసినప్పుడు ఆ నాలుగు పావులు కూడి ఒక పైసా యగును. అందుచేత ఇరువదియైదు. "అర్థమైనదా? విడివిడిగా ఇచ్చిన నాలుగు అణాలకు ఒక పైసా తగ్గును. ఎనిమిది అణాలకు రెండు. పదునారు అణాలకు..."

సుద్దముక్క నా చేతిలో నిలిచిపోయెను. పదునారుగురు పిల్లలు అణాబిళ్లలు వేసిరి. పదునారుగురు అణాకు బదులు ఆరేసి పైసలు వేసిరి. పదునారు ఆర్లు తొంబదియారు. ఎవరును దొంగిలింపలేదు. నేను మూడుమారులు లెక్కించినది నాణెములనే గాని, ఒక్కమారైనను నా పుస్తకములో నేను వ్రాసిన "అణా" అను మాటను లెక్కింపలేదు.

పిల్లలతో అప్పుడే చెప్పితిని. "ఆ నాలుగు పైసలు ఎవరూ తీయలేదు. తప్పు నాది." శాలంతయు నిశ్శబ్దమాయెను. పెద్ద మాష్టారు ఆ ప్రక్కనుండి వచ్చి, నన్ను ఒక్క మాటయు అనక, "నీవు వెళ్లు. పిల్లలను నేను చూచెదను" అనిరి.

ఆమె కాలువ క్రింది మడిలో నాటుచుండెను. పిల్లవాడు నారుకట్టలు అందించుచుండెను. చెప్పులు గట్టున విడిచి బురదలోనికి దిగితిని. పనివారందరు వంగిన నడుములు ఎత్తి చూచిరి. "అమ్మా, లెక్క నేనే తప్పితిని. నీ బిడ్డ నిర్దోషి. నన్ను క్షమించవలెను" అని అందరు వినునట్లు చెప్పితిని. తరువాత పిల్లవానివైపు తిరిగి వానిని కూడ క్షమాపణ వేడితిని.

ఆమె కొంతసేపు పలుకలేదు. "లెక్క తప్పితే దిద్దుకోవచ్చు గానయ్యా, పిల్లోడి మీద పడ్డ మాటని దిద్దటానికి అన్నోళ్లే రావాలి. వచ్చారు. చాలు" అనెను.

నాలుగు పైసలు తిరిగి ఇవ్వబోతిని. "దేవుడి డబ్బాలో ఏసింది మళ్లా తీసుకుంటామా?" అని చేయి వెనుకకు తీసికొనెను. పిల్లవాడు మాత్రము నా ముఖము చూచి, "అయితే మాష్టారూ, సోమవారం తాళంచెవి నా దగ్గరే ఉంటదా?" అని అడిగెను. నాకు నోట మాట రాలేదు. తల యూపితిని.

ఆదివారము ఆరాధనలో, కానుకకు ముందు, సంఘము ఎదుట ఇదంతయు చెప్పితిని. నింద నలుగురిలో వేసినవాడు క్షమాపణ చాటున వేడుట న్యాయము కాదు గదా! ఆ దినము కానుకపెట్టె పట్టినవాడు ఆ పిల్లవాడే. ఆ తల్లి నాలుగు పైసలతో మా జ్ఞాపకార్థ కానుక సరిగా రెండు రూపాయలాయెను. మా పుస్తకములో "లెక్క సరి" అన్న మాటను నేను చెరిపివేయలేదు. అయితే దానిని సరిచేసినది ఎవరో ప్రభువునకు తెలియును. కానుకపెట్టె యెదుట కూర్చుండి, బీద విధవరాలు వేసిన రెండు కాసులను చూచిన ప్రభువు ఆయనయే.

మరుసటి గురువారము ఎనిమిదవ ఆజ్ఞ చెప్పితిని. అబద్ధసాక్ష్యమనగా న్యాయస్థానములో పలుకు బొంకు మాత్రమే యని నేను అంతవరకు తలచియుంటిని. పొరుగువానిని గూర్చి మంచియే పలుకవలెననియు, అతని నడతకు సాధ్యమైనంతవరకు మేలైన అర్థమునే చెప్పవలెననియు లూథరుగారు చేసిన వివరణ నాకు చిన్ననాటినుండి నోటికి వచ్చును. క్రొత్త బలపమును చూచినప్పుడు మాత్రము అది జ్ఞాపకము రాలేదు. నోటికి వచ్చుట వేరు, నేర్చుకొనుట వేరు. ఆ దినము పిల్లలు నాకు ఒప్పజెప్పిరి, నేను లోలోపల వారికి ఒప్పజెప్పితిని.

ఆ నయాపైసలు ఇప్పుడు లేవు. 2011 జూన్ 30 తరువాత పావలాబిళ్ల సైతము చెల్లకుండ పోయెను. అణాకు ఎన్ని పైసలని నేటి పిల్లలను అడుగువారు లేరు. గాని తక్కువైన లెక్కలు ప్రతి యింటను, ప్రతి సంఘములోను నేటికిని ఉన్నవి. సంఘపు నిధి తక్కువైనప్పుడు, ఇంటిలో ఒక వస్తువు కనబడనప్పుడు, మన చూపు మొదట ఎవరిమీదికి పోవుచున్నది? తరచుగా బీదవానిమీదికే గదా. ప్రియులారా, అట్టి గడియలో నోరు తెరువకముందు మన పుస్తకమును మరియొకమారు చూచుకొందము. తొందరపడి అనినయెడల, గట్టున చెప్పులు విడిచి బురదలోనికి దిగుటకు సిగ్గుపడకుందము.

ప్రభువు మనకందరికిని అట్టి మనస్సు ననుగ్రహించును గాక.